అక్క గుండె చప్పుడు

హనుమకొండ

అరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "రోబో ఆపరేషన్ అంటే మిషనే చేసేస్తదా?" అని అక్క గుండె ఆపరేషన్ గురించి అడిగావు. పక్కన అక్క ఉండె, సరిగా చెప్పలేకపోయాను.

అక్క బాగుంది. నిన్న ఎక్కడా ఆగకుండా మిద్దె మీదికొచ్చింది. ఆపరేషన్‌కు ముందు అవే మెట్ల మధ్యలో కూలబడి ఆయాసపడ్డ మనిషి!

చేసింది డాక్టరేరా. థియేటర్‌లోనే కొంచెం ఎడంగా కన్సోల్ ముందు, అంటే రోబోను నడిపే బల్ల ముందు కూర్చుంటారు. లోపలి గుండె ఆయనకు పెద్దగా, లోతుతో సహా కనిపిస్తుంది. ఆయన వేళ్లు ఎట్లా కదిలితే రోబో చేతులు అట్లా కదులుతాయి, చేతి వణుకు మాత్రం అక్కడిదాకా పోదు. టేబుల్ దగ్గర ఇంకో సర్జన్ ఉంటారు. అక్కకు రొమ్ము ఎముక కొయ్యలేదు. కుడివైపు పక్కటెముకల సందుల్లో చిన్న గాట్లు పెట్టారు. కొత్త వాల్వ్ పోవడానికి ఒకటి మాత్రం కాస్త పెద్దది. గజ్జల దగ్గరి రక్తనాళాల్లో గొట్టాలు వేసి, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మిషన్‌కు కలిపి, గుండెను ఆపుతామన్నారు. ఆ మాటకు అమ్మ లేచి బయటికెళ్లిపోయింది. అందరికీ ఈ పద్ధతి కుదరదట, కాళ్ల రక్తనాళాలు కూడా బాగుండాలి.

గుండెలో ఎడమవైపు గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ వాల్వ్ రెక్కలు మందమై అతుక్కుపోయాయి, బాగుచేసే వీల్లేక మార్చారు. అక్కకు 44 ఏళ్లే గదా, జంతు కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్ 10, 15 ఏళ్లకు అరిగిపోతదని మెటల్ వాల్వ్ పెట్టారు. ఇక జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష లెక్క, ఐఎన్‌ఆర్, 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూర ఆ మాత్ర పనిని తగ్గిస్తదట గానీ మానొద్దు, రోజూ ఒకే లెక్కలో తినమన్నారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఆ వాల్వ్ టిక్ టిక్‌మనడం వినపడుతుంది. అది వింటేనే బావకు నిద్ర పడుతుందట.

నన్ను తినేస్తున్నది వేరే. అక్క ఏడో తరగతిలో గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. కొన్నాళ్లకు ఒక మోకాలు వాచింది, అది తగ్గేసరికి ఇంకోటి. ఎదిగే పిల్ల నొప్పులని అమ్మ నూనె రాసింది, నేను కాళ్లు పట్టాను. అది రుమాటిక్ జ్వరమట. గొంతులో చేరిన స్ట్రెప్ క్రిముల మీదికి లేచిన రక్షణశక్తే గుండె వాల్వ్‌ను కూడా దెబ్బతీసింది. అప్పుడే పెన్సిలిన్ పడి, తర్వాత మూడు వారాలకోసారి ఇంజెక్షన్ వేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో.

అదే ఫోన్‌లో నువ్వు మీ చిన్నదానికి గొంతు తగ్గింది గానీ మోకాళ్లు గుంజుతున్నాయన్నావు. నూనె రాసి ఊరుకోకు. రేపు పొద్దున్నే నర్సంపేట నుంచి మొదటి బస్సెక్కు. నేను వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించి గేటు దగ్గరే ఉంటా.

నీ
రమేష్