చీరాల ఖాళీ అయిన పదకొండు నెలలు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఈ మధ్య ఒక బడిలో పిల్లల క్విజ్ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడెవరు అని అడగ్గానే నాలుగు జట్లూ ఒక్కసారే చేతులెత్తాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని తడుముకోకుండా చెప్పారు. పోటీ అయిపోయాక ఆ పిల్లలనే దగ్గర కూర్చోబెట్టుకుని, మరి ఆ ఉద్యమంలో జనం ఏం చేశారమ్మా అని అడిగాను. "బ్రిటిష్ వాళ్ల మీద పోరాడారు" అంది ఒక పాప. ఎలా అంటే ఎవరూ మాట్లాడలేదు. తప్పు పిల్లలది కాదు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని; మేము వాళ్లకు అందించింది ఒక పేరు, ఒక సంవత్సరం మాత్రమేనని ఒప్పుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ జనం తుపాకీ పట్టలేదు, కచేరీ తగలబెట్టలేదు. ఇళ్లకు తాళాలు వేసి ఊరు విడిచి వెళ్లిపోయారు.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి అప్పట్లో ఒక యూనియన్, అంటే పంచాయతీ లాంటి చిన్న స్థానిక సంస్థ. మొత్తం జనాభా సుమారు 15,000. ఎక్కువగా నేతపని వాళ్లు, చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు. యూనియన్‌కు ఏడాదికి కట్టే పన్ను 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీ చేయాలని నిశ్చయించింది. దాంతో పన్నుల భారం దాదాపు పది రెట్లయి 40,000 దరిదాపులకు చేరింది. మగ్గం మీద రోజుకు ఇంత అని సంపాదించుకునే కుటుంబానికి ఇది ఎంత బరువో లెక్కలు వేసి చెప్పనక్కరలేదు. మాకు మునిసిపాలిటీ వద్దు అని జనం అర్జీలు పెట్టుకున్నారు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక అధికారిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టింది. 1920 డిసెంబరు నుంచి స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. ఆ మంత్రి పానగల్లు రాజా తెలుగువారే. అయినా ఉత్తర్వు వెనక్కి పోలేదు. పాఠం చెప్పేటప్పుడు నేనెప్పుడూ ఇక్కడ కాసేపు ఆగేదాన్ని. కుర్చీలో కూర్చునే మనిషి మారినా, పన్ను కట్టేవాడి మాట వినని పద్ధతి మారలేదని పిల్లలకు తెలియాలని నా తాపత్రయం.

1921 మొదట్లో పన్ను కట్టమన్నారు. కట్టనివాళ్లను జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలమేలుమంగ తాయారమ్మ అనే ఇల్లాలు కూడా ఉంది. మన పాఠాల్లో ఈమె పేరు ఒక్కసారి కూడా రాకపోవడం నన్ను ఇన్నేళ్లుగా బాధిస్తోంది. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ముగిశాక, ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. శాంతంగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే వదిలిపెట్టడం ఇంకొక దారి అన్నారు. జనం రెండోది ఎంచుకున్నారు. గోపాలకృష్ణయ్య గారి పిలుపు మీద, ఆయన ఏర్పరచిన రామదండు అనే దళంలోని వాలంటీర్లు అండగా నిలవగా, 13,000 మందికి పైగా పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

మా నాయనమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. నేత కుటుంబం. ఊరు విడవడమంటే సామాను బండికెత్తడమే అనుకుంటాం. గుంటమగ్గాన్ని ఎలా ఎత్తుతారు? కొయ్యసామాను విప్పుకుని తీసుకుపోవచ్చు. కాళ్లు పెట్టే గుంట ఇంట్లోనే ఉండిపోతుంది. వాళ్ల నాన్న రామనగరం పాకలో కొత్తగా గుంట తవ్వాడట. ఇసుక నేల కావడంతో అంచులు జారిపోతుంటే తాటిపట్టెలు అడ్డం పెట్టాడట. వానలు పడ్డాక అడుగున నీరు ఊరేది. పొద్దున్నే చెంబుతో ఆ నీరు తోడటం నాయనమ్మ పని, తోడాక కూర్చుని నేతకు నూలు కండెలు చుట్టడం ఇంకో పని. వీధి పొడవునా పడుగు (బట్ట నిలువు పోగులు) సాచి గంజి పెట్టుకునే జాగా లేక, ఎండ కాసిన రోజు మగవాళ్లు వంతులు వేసుకునేవారట. "ఎందుకొచ్చామని ఎవరైనా ఏడ్చారా నాయనమ్మా" అని చిన్నప్పుడు అడిగాను. "ఏడ్చారు, కానీ ఎవరూ వెనక్కి పోదామనలేదు" అంది. నేను చరిత్ర పాఠం చెప్పడానికి ఈ ఒక్క మాటే కారణమనుకుంటాను.

అలా పదకొండు నెలలు. సెప్టెంబరు 30న గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. 1922 ఫిబ్రవరిలో, చౌరీ చౌరా హింస తరువాత, సహాయ నిరాకరణనే గాంధీజీ నిలిపివేశారు. నాయకుడు జైల్లో, డబ్బు అడుగంటింది. జనం ఇళ్లకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. అందుకే చాలాచోట్ల "ఉద్యమం విఫలమైంది" అని ముగించేస్తారు. నాకు ఆ మాట మింగుడుపడదు. పదమూడు వేల మంది పదకొండు నెలలు పాకల్లో ఉండి ప్రభుత్వానికి వద్దని చెప్పడం ఏ లెక్కలో వైఫల్యం? 1921లోనే పల్నాడులో అడవి పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) మీద, మరుసటి ఏడాది పెదనందిపాడులో శిస్తు మీద గుంటూరు జిల్లా రైతులు తిరగబడ్డారు. వాళ్ల కళ్ల ముందు రామనగరం ఉంది.

నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. దుగ్గిరాల వారి విగ్రహానికి దండ వేయడం మంచిదే. చదువుకు ఎడింబరో దాకా వెళ్లి, తిరిగొచ్చి ఈ ఊరి నేతవాళ్ల పక్షాన నిలిచి, 1928లో ముప్పై తొమ్మిదేళ్లకే కన్నుమూసిన మనిషి ఆయన. అయితే ఆయన వెంట నడిచిన కుటుంబాల పేర్లు మన దగ్గర ఏ మేరకు ఉన్నాయి? చీరాల, జాండ్రపేట నేత వీధుల్లో నాలాంటి మనవరాళ్లు, మునిమనవళ్లు ఇంకా ఉన్నారు. డిగ్రీ కళాశాలల చరిత్ర విద్యార్థులను ఒక వేసవి సెలవుల్లో ఇంటింటికీ పంపి, విన్నది విన్నట్టు రికార్డు చేయించాలి. ఆనాటి పన్ను పుస్తకాలు, అర్జీలు మునిసిపల్ కార్యాలయంలో గానీ, జిల్లా కచేరీలో గానీ మిగిలి ఉంటే, చెదలు తినకముందే వాటి నకళ్లు తీసి అందరూ చూసేలా పెట్టాలి. పాఠ్యపుస్తకంలో అలమేలుమంగ తాయారమ్మ పేరు, రామనగరం బతుకు గురించి ఒక పేరా చేర్చాలి. విద్యాశాఖ, పురపాలక సంఘం ఈ విషయాన్ని పట్టించుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

రామనగరానికి వెళ్లి వచ్చిన నాడె (మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ నడిపే పనిముట్టు) ఒకటి మా ఇంట్లో ఉంది. ఒక కొన విరిగింది. ఊళ్లో ఒక గదిలో ఈ జ్ఞాపకాలన్నీ ఒకచోట చేరుస్తామంటే, దాన్ని నేనే తీసుకొచ్చి ఇస్తాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
చీరాల.