వృశ్చిక రాశిలో పురుడు

పర్లాకిమిడి
ఉగాది వెళ్ళిన వారం

ఒరేయ్ బావా,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం సంక్రాంతికి ముందే అందింది, ఇప్పటిదాకా జవాబు రాయలేదు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదురా, మధ్యలో నువ్వు నవ్వితే నేను తప్పిపోతాను.

ముందు ఇంటి కబుర్లు గబగబా: అందరూ బాగున్నారు. నాన్న మోకాళ్ళు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. చిన్నాడికి ఒడియాలో మంచి మార్కులు, తెలుగు మాత్రం ఇంట్లో నా చేత తిట్లు తింటూ నేర్చుకుంటున్నాడు. నువ్వు పంపిన చీర రంగు గురించి మీ చెల్లి నీతో విడిగా మాట్లాడుతుందట. నేను తప్పుకున్నాను. అయిపోయాయి.

అసలు సంగతి విను. మొన్న రాత్రి కంచం ముందు కూర్చున్నాను, ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎవరో పెద్దావిడ. హలో లేదు, మీరెవరు లేదు, "బాబూ, ఆ బిడ్డ బతికిందా?" అంది.

నాకు చెయ్యి వణికింది. రాంగ్ నంబర్ అమ్మా అందామనుకున్నాను. ఇంతలో ఆవిడే, "అదే బాబూ, వృశ్చిక రాశిలో ఉందే, ఆ పురుడు!" అంది.

ఆగు, వెనక్కి వెళ్ళాలి. లేకపోతే నీకు తలా తోకా అందదు.

నా మొదటి పుస్తకం భాగోతం నీకు తెలుసు. పత్రికల్లో కథలు పడుతున్నాయి కదా, ఇక మనల్ని ఆపేవాడెవడు అనుకునే రోజులు. ఆ ప్రచురణకర్త వెయ్యి కాపీల డబ్బు నా దగ్గరే తీసుకుని, ఐదు వందలు నాకే పంపించాడు. మిగతా ఐదు వందలు ఏ షాపుకి వెళ్ళాయో ఈరోజుకీ చెప్పలేదు. నా వాటా అటక మీద. మన వాళ్ళ పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి, ఆఖరికి మీ బామ్మగారి పదో రోజుకి కూడా పట్టుకొచ్చానని నువ్వు ఇప్పటికీ ఊళ్ళో చెబుతున్నావు. (పదో రోజుకి కాదురా, పన్నెండో రోజుకి.)

ఆ కోపంలోనే పేజీలు కట్టడం నేర్చుకున్నాను. నా పాత కథలన్నీ ఏదో పాత ఫాంటులో కొట్టించినవి, యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులన్నీ పక్కింటి అక్షరం కిందికి వెళ్ళి కూర్చున్నాయి. వాటిని సరిచేస్తూ చేస్తూనే పని వచ్చేసింది. ఐఎస్‌బీఎన్‌కి (అదే, ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు నంబరు) ఎవరెవరో వేలకు వేలు అడిగారు. తీరా చూస్తే ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్ళు ఆన్‌లైన్లో అడిగితే ఊరికే ఇస్తారు! ఆ నంబరు వచ్చిన రోజు నేను ప్రచురణకర్తనయ్యానని మీ చెల్లితో అన్నాను. "అటక ఖాళీ చేసి అవ్వండి" అంది. సంస్థ పేరు మాత్రం నువ్వు పెట్టిందే. ఎవరడిగినా ముత్తాతగారి ఊరి పేరని చెబుతున్నాను. అసలు అర్థం తెలిస్తే మాత్రం ఒక్క రచయిత కూడా నా గడప తొక్కడు.

రచయితనవుదామని బయల్దేరి పార్సెళ్ళు కట్టేవాణ్ణయ్యాను. అయినా బాగుందిరా, నిజం చెబుతున్నాను. సొంత కథ రాయనందుకు అప్పుడప్పుడు... సరే, ఆ గోల ఇంకోసారి.

నర్సమ్మగారు గుర్తున్నారా? కోట వెనక వీధి, మనకి ధనుర్వాతం ఇంజెక్షన్ పొడిచి, ఏడిస్తే జీడి ఇచ్చేవారు. ఆవిడ రిటైరయ్యాక పాత టీకాల రిజిస్టర్ల వెనక పేజీల నిండా తన ఉద్యోగం కథంతా రాసుకున్నారు, తెలుగులో. గుమ్మ, సెరంగో వైపు కొండల్లో సవర ఊళ్ళు, నడక, వాగులు, రాత్రిపూట కాన్పులు. గిడుగు రామమూర్తి గారు రాజావారి బళ్ళో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్న ఊరు కదా ఇది, ఆ భాష వచ్చిన తెలుగువాళ్ళు మనకి ఇంకా ఉన్నారంటే గొప్పగా ఉంటుంది నాకు. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళగానే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఈవిడ మాత్రం ఒడిశా సర్కారు జీతంతోనే కొండలెక్కి, తెలుగులో రాసుకుంది.

దాన్నే నేను పుస్తకంగా వేశాను. టైపు చేసింది మన కోర్టు వీధి డీటీపీ కుర్రాడు. ఇంట్లో ఒడియా, తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నాడట. అర్థం పెద్దగా తెలియదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు కొడతాడు. మనలా ఊహించుకుని చదవడు. వాడి ప్రూఫుల్లో తప్పులు వెతకాలంటే కళ్ళు కాయలు కాయాలి.

డెమీ సైజు, 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం, మూడు వందల కాపీలు. ఒక్క విషయంలో పట్టుబట్టాను: జిగురు బైండింగ్ వద్దు, కుట్టు కావాలని. డబ్బు దండగ అన్నాడు ప్రెస్సాయన. (ఏ ఊరి ప్రెస్సో అడక్కు, ఆ మనిషి మంచివాడే.) పుస్తకాలు పలాసలో దిగాయి. కట్ట విప్పి, వాసన చూసి, మధ్యలో తెరిచాను. 96వ పేజీ ఆఖరి వాక్యం: "దీపం దగ్గరగా పట్టుకోమని వాళ్ళత్తకి చెప్పి, నేను చేతులు కడుక్కుని". 97వ పేజీ మొదటి వాక్యం: "వృశ్చిక రాశి వారికి ఈ సంవత్సరం ప్రయాణములు కలిసివచ్చును."

నవ్వకు. నేనప్పుడు నవ్వలేదు.

జరిగింది ఇదీ. పదహారేసి పేజీలు ఒక ఫారం. మడత పెట్టిన ఫారాలు వరసగా కుప్పలు పోసి ఉంటాయి, ఆడవాళ్ళు ఒక్కో కుప్పలోంచి ఒక్కోటి ఏరి పుస్తకం కడతారు. మొదటి పేజీ అడుగున చిన్నగా ఫారం నంబరు ఉంటుంది, అది చూసుకునే ఏరడం. ఉగాది ముందు కదా, అదే గదిలో ఎవరిదో పంచాంగం కూడా నడుస్తోంది. అదే సైజు, అదే కాగితం. మా కుప్ప అయిపోగానే ఎవరో పక్కనున్న ఏడో నంబరు కట్ట తెచ్చి పెట్టారు. ఏడుకి ఏడు సరిపోయింది! నలభై పైచిలుకు కాపీల్లో నర్సమ్మగారు చేతులు కడుక్కుని జాతకాలు చెబుతున్నారు. కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి కాపీ పంపాలి కదా, 1954 నాటి చట్టం, వాళ్ళకి, చెన్నైలో కన్నెమరా లైబ్రరీకి, ఇంకా ముంబయి, ఢిల్లీ లైబ్రరీలకి. అందులో ఒకటి ఈ జాతకం కాపీయే కట్టబోయాను. దేశం ఉన్నంత కాలం అక్కడ భద్రంగా ఉండేది.

నర్సమ్మగారికి ఎలా చెప్పను? వెళ్ళాను. అద్దాలు పెట్టుకుని రెండు పేజీలు చదివారు. "నాది వృశ్చికమే నాయనా" అన్నారు. అంతే. తర్వాత, "కుట్టే కదా, విప్పి మళ్ళీ కుడదాం" అన్నారు.

ప్రెస్సాయన మా ఏడో ఫారాలు, మిగిలిన అట్టలు పంపాడు. ఆఫీసు రికార్డులు బైండు చేసే ముసలాయన ఉన్నాడే, మన చిన్నప్పుడు గాలిపటాలకి మైదా జిగురు ఇచ్చిన తాత, ఆయన వసారాలో కూర్చున్నాం. ఆయన అట్ట ఊడదీసి, వీపు మీద జిగురు తడిపి గీకి, ఆ ఒక్క ఫారం దారం తెంపుతాడు. నేను పంచాంగం లాగి మాది పెడతాను. నర్సమ్మగారు సూది. తాత చూపించబోతే, "నేను మనుషుల్ని కుట్టాను, కాగితానికి భయపడతానా" అన్నారు. ముడి దగ్గర ఆవిడ చెయ్యి చూడాలిరా. దారం బిగిసిందో లేదో బొటనవేలితో ఒకసారి రాసి చూస్తారు, తర్వాతే తెంపుతారు. చివరి పది కాపీలు తాత ముట్టుకోలేదు, బీడీ వెలిగించి చూస్తూ కూర్చున్నాడు.

అక్కడితో అయిందనుకున్నాను. మా కాపీల్లోకి పంచాంగం వచ్చిందంటే పంచాంగంలోకి ఏం వెళ్ళుంటుందో నాకు తట్టనేలేదు!

ఫోన్ చేసినావిడది బొబ్బిలి దగ్గర పల్లె. భర్త రాశిఫలం చూద్దామని తెరిస్తే నర్సమ్మగారి పదహారు పేజీలు. మొదలు లేదు, చివర లేదు. నొప్పులు పడుతున్న పిల్ల, వాగు పొంగడం, దీపంలో నూనె అయిపోవడం, 112వ పేజీ చివర బిడ్డ కాళ్ళతో వస్తోందని తెలియడం, అక్కడితో ధనుస్సు రాశి. ఆవిడకి రెండు రాత్రుళ్ళు నిద్ర లేదట. కొడుకుని కొట్టుకి తోలింది, కొట్టువాడు ప్రెస్సు నంబరిచ్చాడు, ప్రెస్సాయన నాది.

"బతికిందా, లేదా?" నేను చెప్పలేదు బావా. నాకెందుకో అది నేను చెప్పాల్సింది కాదనిపించింది. పొద్దున్నే చేయండమ్మా అని, పొద్దున్నే ఫోన్ పట్టుకుని నర్సమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ పాలు కాస్తూ స్పీకర్లో విన్నారు. విని, "ఏ బిడ్డ గురించమ్మా అడుగుతున్నావు, మొదటిదా రెండోదా?" అన్నారు.

అవతల చప్పుడు లేదు. తర్వాత, "ఇంకోటి కూడానా తల్లీ!"

గంటసేపు మాట్లాడుకున్నారు. పాలు పొంగిపోయాయి. పుస్తకం మొత్తం చెప్పేశారు, ఇక ఆవిడ కొంటుందా అని నా ఏడుపు నాది. పుస్తకాలకని తపాలా వాళ్ళు పెట్టిన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా ఇరవై రూపాయలే, పుస్తకం నేను పంపిస్తాను, ఆ పంచాంగం నాకివ్వండి, దాచుకుంటాను అన్నాను. ససేమిరా అంది. పైగా, "మా ఆయన వృశ్చికం నీ దగ్గరుందిగా, చదువు" అంది. విప్పిన ఫారాలన్నీ సంచిలోనే ఉన్నాయి. చదివాను: ఆదాయం 2, వ్యయం 14. కాసేపాగి, "ఇది తెలియకపోయినా బాగుండేది" అని పెట్టేసింది.

నాకిప్పుడు ఒకటే ఆలోచన. ఆ నలభై పంచాంగాలు ఏ ఏ ఇళ్ళకి వెళ్ళాయో, ప్రెస్సాయన్ని పట్టుకుంటే కొట్ల పేర్లు దొరుకుతాయి, ఒక్కొక్కరికీ 113వ పేజీ నుంచి మాత్రం అచ్చేసి... ఖర్చు చూస్తే మీ చెల్లి నన్ను... కానీ చూడు, ఎవరూ అడక్కుండానే మా పుస్తకం నలభై ఇళ్ళలో...

మీ తమ్ముడు హారన్ కొడుతున్నాడు, పలాసలో వాడి రైలుకి టైమైందట. నీ కాపీ వాడి సంచిలో పెట్టాను, నర్సమ్మగారు కుట్టిందే. డబ్బు పంపు, స్నేహితులకి ఫ్రీ అనే రోజులు అటకతో పోయాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, మన హెడ్‌మాస్టారు మళ్ళీ పెళ్ళి, వస్తున్నా ఆగరా అంటే వినడే

నీ
కామాగాడు