ఈ ఏడాది పూర్తి చేసిన గేములు

అందరికీ నమస్తే. జనవరిలో అనుకున్నట్టే కొత్త వీడియో గేములు కొనకుండా, సగంలో వదిలేసినవి పట్టుకుని నాలుగు పూర్తి చేశాను.

నాకు బాగా నచ్చింది 'వెణ్బా' (2023). 1980ల్లో కెనడా వెళ్ళి స్థిరపడిన తమిళ కుటుంబం కథ. కథలోని ఇల్లాలు వెణ్బాకి వాళ్ళ అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో కాగితాలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. ఏం రాసుందో ఊహించుకుని మనమే వండాలి. మొదటి వంట ఇడ్లీ. ప్లేటు మీద ప్లేటు పెట్టేటప్పుడు కింది గుంట మీద పై గుంట పడకుండా, ఆవిరి పైకి వచ్చేలా తిప్పి పెట్టాలి. తెనాలిలో మా అమ్మ రోజూ చేసే పనే అది! రాత్రి పదకొండింటికి బెంగళూరు మారతహళ్ళి రూములో కూర్చుని ఆ ప్లేటు తిప్పుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దున లేవగానే అమ్మకి ఫోన్ చేశాను. గేమ్ చిన్నదే, ఒక్క పూటలో అయిపోతుంది.

అంతరిక్షంలో గ్రహాలు తిరిగి చూసే గేమ్ 'ఔటర్ వైల్డ్స్' (2019)లో 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్ళీ మొదటికే వస్తాం. మనకి మిగిలేది తెలుసుకున్న విషయం ఒక్కటే. ఆయుధాలు, లెవెల్స్ ఏమీ ఉండవు. దయచేసి ముందుగా యూట్యూబ్‌లో ఏమీ చూడకండి, ఆ ఆనందం పోతుంది.

కొండెక్కే గేమ్ 'సెలెస్ట్' కష్టమే గానీ, ఆటని తేలిక చేసే అసిస్ట్ మోడ్ ఉంది, మొహమాటపడకుండా వాడుకోండి. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' మొదట్లో మంచు కొండల్లో నెమ్మదిగా సాగుతుంది, అక్కడ ఆపేయొద్దు.

ఆదివారం కబ్బన్ పార్కుకి నా నింటెండో స్విచ్ (చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్) తెస్తాను. 'వెణ్బా' ఆడాలనుకునేవాళ్ళు తీసుకెళ్ళండి. మీరేం పూర్తి చేశారో కూడా రాయండి.