లేజర్ మాట్లాడుకునే ముందు కార్నియా మందం చూడండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు కళ్లద్దాలు తీసేయించుకోవాలని వాకబు చేసేటప్పుడు మొదట అడిగేది ‘లాసిక్ మంచిదా, స్మైల్ మంచిదా’ అని. ఈ రెండూ, పీఆర్‌కే కూడా, లేజర్‌తో పవర్ తగ్గించే పద్ధతులు. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) స్కాన్ చూడకుండా దీనికి ఎవరు జవాబు చెప్పినా నమ్మవద్దు.

ఏ లేజర్ పద్ధతిలోనైనా మైనస్ పవర్ తగ్గించడమంటే కార్నియాను మధ్యలో పలచన చేయడమే. పీఆర్‌కేలో పైన ఉండే పలుచని పొరను తీసేసి ఎక్సైమర్ లేజర్‌తో చెక్కుతారు. లాసిక్‌లో 100 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన ఫ్లాప్, అంటే మూతలాంటి పొర, కోసి, పైకెత్తి, కింద చెక్కి మళ్లీ కప్పుతారు. స్మైల్‌లో ఫ్లాప్ లేదు. ఫెమ్టోసెకండ్ లేజర్ లోపలే ఒక సన్నని బిళ్లను మలుస్తుంది, దాన్ని 2 నుంచి 4 మిల్లీమీటర్ల గాటులోంచి బయటికి తీస్తారు.

ఇక లెక్క. 6.5 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో పాయింటు పవర్‌కు (డయాప్టర్‌కు) దాదాపు 14 మైక్రాన్లు పోతాయి. కార్నియా మందం 490 మైక్రాన్లు, పవర్ మైనస్ 7 అనుకోండి. చెక్కేది 98. ఫ్లాప్ 110. అడుగున మిగిలేది 282. కనీసం 250 మిగలాలన్న పాత నియమానికి ఇది సరిపోతుంది, అందుకే కొన్నిచోట్ల ‘చేసేయొచ్చు’ అంటారు. కానీ ఫ్లాప్, చెక్కుడు కలిస్తే 208, అంటే మొత్తం మందంలో 42 శాతం. 40 శాతానికి చేరితే కార్నియా బలం తగ్గి, తర్వాతెప్పుడో ముందుకు ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు కళ్లద్దాలతో కూడా చూపు సరిగా రాదు. స్మైల్ అయితే మందం ఆదా అవుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ బిళ్ల సాధారణంగా లాసిక్‌లో చెక్కే దానికంటే కాస్త మందమే. పీఆర్‌కే మందాన్ని కాపాడుతుంది గానీ, ఇంత పవర్‌కు కార్నియా మసకబారే భయం ఉంది. దాన్ని తగ్గించడానికి 0.02 శాతం మైటోమైసిన్ అనే మందు వాడతారు. ఇలాంటి కంటికి, లోపల చోటు సరిపోతే, కార్నియాను తగ్గించకుండా కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్స్ గురించి అడగాలి.

స్కాన్‌లో కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు ఉబ్బే జబ్బు) ఛాయ కనబడితే లాసిక్, స్మైల్ రెండూ వద్దు. కళ్లు నులిమే అలవాటు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

రోజంతా ఏసీలో స్క్రీన్ ముందు కూర్చునేవారికి కళ్లు పొడిబారడమే పెద్ద బాధ. లాసిక్ ఫ్లాప్ కార్నియా నరాలను ఎక్కువగా కోస్తుంది, స్మైల్‌లో అది తక్కువ. అయితే స్మైల్‌లో పవర్ మిగిలితే సరిదిద్దడం లాసిక్ అంత తేలిక కాదు. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవారికి ఫ్లాప్ లేని పద్ధతే మేలు, ఎందుకంటే దెబ్బ తగిలితే ఫ్లాప్ ఏళ్ల తర్వాత కూడా జరగవచ్చు.

శుక్రవారం చేయించుకుని సోమవారం ఆఫీసుకు వెళ్లడం లాసిక్‌లో చాలామందికి కుదురుతుంది. పీఆర్‌కేలో కుదరదు. మూడు నాలుగు రోజులు మంట, నీరు కారడం ఉంటాయి, చూపు కుదుటపడడానికి వారాలు పడుతుంది. స్టెరాయిడ్ చుక్కలు మధ్యలో ఆపేస్తే మసక, చెప్పిన గడువు దాటి సొంతంగా వేసుకుంటే కంటి ప్రెషర్ పెరగడం జరగవచ్చు.

కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని వచ్చి అదే శనివారం పరీక్ష, ఆపరేషన్ రెండూ కానిచ్చేయడం తప్పు. లెన్స్ నొక్కుడుకు కార్నియా ఆకారం మారి ఉంటుంది, కొలత తప్పుతుంది. మెత్తని లెన్స్ అయితే కనీసం వారం, గట్టిదైతే మూడు నాలుగు వారాలు ముందే ఆపాలి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి కూడా పవర్ చూడాలి. లేకపోతే దగ్గర చూపుకు బిగుసుకున్న కన్ను మైనస్‌ను ఎక్కువ చూపిస్తుంది. వయసు 18 దాటి, ఏడాదిగా పవర్ 0.5 కంటే ఎక్కువ మారకుండా ఉండాలి.

ఆపరేషన్‌కు ముందు పవర్, కార్నియా వంపు కొలతలు, స్కాన్ ప్రింటు అడిగి తీసుకుని దాచండి. పెద్దయ్యాక శుక్లాల ఆపరేషన్‌లో లెన్స్ పవర్ లెక్కగట్టేటప్పుడు మారిన కార్నియా మామూలు సూత్రాలను తప్పుదారి పట్టిస్తుంది. అప్పటి డాక్టరుకు ఈ కాగితాలు పనికొస్తాయి.

– ఒక ఆప్టోమెట్రిస్టు, బెంగళూరు