ఉచ్చారణ పాఠాల చుట్టూ ఒక ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పత్రం విడిగా పంపాం కాబట్టి ఆ జోలికి పోను. ఈ ఏడాది మన సమావేశాలను దాదాపు ఒకే ప్రశ్న ఆక్రమించింది: ఇంగ్లిష్ మాతృభాష కాని మన ఇంగ్లిష్ టీచర్లం ఉచ్చారణ ఎలా నేర్పాలి?

తొలి సమావేశంలో ఎక్కువ మంది నోట వచ్చిన మాట ఒకటే: "నా యాసే అంతంతమాత్రం, ఇక పిల్లలకేం నేర్పను?" గ్రామర్ పాఠమైతే ధీమాగా చెప్పేస్తాం. ఉచ్చారణ అనేసరికి టెన్షన్ పడి, ఆడియో పెట్టేసి పక్కన నిలబడతాం. నేనూ అదే బాపతు.

అందుకే భాషా పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లో ప్రచురించిన పరిశోధనతో మొదలుపెట్టాం. యాస బలంగా ఉన్నా మాట చక్కగా అర్థం కావచ్చని అందులో తేలింది. తర్వాత భాషాశాస్త్రవేత్త జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో చేసిన ప్రతిపాదన చదివాం. వేర్వేరు మాతృభాషల వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు 'షిప్', 'షీప్' లాంటి మాటల్లో అచ్చు నిడివి, వాక్యంలో స్ట్రెస్, అంటే నొక్కి పలకడం, ఏ మాట మీద పడుతుందన్నది ముఖ్యమట. 'థింక్'లో మొదటి ధ్వని అచ్చుగుద్దినట్టు రాకపోయినా నష్టం లేదట. నాలుకను పళ్ల మధ్య పెట్టించడానికే పీరియడ్లకు పీరియడ్లు ఖర్చుపెట్టిన మాలాంటి వాళ్లకు ఇది మింగుడుపడలేదు. "పరీక్షలో మార్కులు పోతే?" అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. యూరప్ మండలి మాత్రం 2018లో భాష ఎంత వచ్చో కొలిచే స్థాయుల వివరణలను విస్తరించినప్పుడు ఉచ్చారణకు మాతృభాషీయులను కొలబద్దగా ఉంచలేదు.

ఏడాది తిరిగేసరికి అందరం "అర్థమైతే చాలు" అంటున్నాం. ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని చూస్తే సంగతి వేరు. తప్పు పలికిన మాటను పట్టుకోవడం, నాలుగుసార్లు అనిపించడం, ముందుకు పోవడం. స్ట్రెస్ ఊసే లేదు. ఒక్క టీచర్ మాత్రం 'ఫోటోగ్రాఫ్', 'ఫొటోగ్రఫీ' బోర్డు మీద రాసి, స్ట్రెస్ మొదటి అక్షరం నుంచి రెండోదానికి ఎలా జరిగిందో పిల్లలతోనే చెప్పించారు. ఇది తనకూ ఒకప్పుడు తెలియదని, పట్టుబట్టి నేర్చుకున్నానని తర్వాత అన్నారు. మన యాస గురించి అంత బెంగపడే మనకు, పట్టుబట్టి నేర్చుకున్నాం కాబట్టే నేర్పగలమన్న ఈ బలం ఎందుకు గుర్తుకు రాదో!

మౌఖిక పరీక్షల మార్కుల పట్టికలో 'యాస' గడి తీసేసి 'వినేవారికి అర్థం కావడం' అని పెట్టాలన్న తీర్మానంపై ఏకాభిప్రాయం కుదరలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ చర్చకు పెడతాం. మీరు క్లాసులో ఉచ్చారణ సరిదిద్దిన ఐదు నిమిషాల రికార్డింగ్ ఒకటి వెంట తెచ్చుకోండి.