కుర్చీలో ఉండగా కేసు పెట్టొచ్చా?

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సగమే చెప్పాను, మెట్రోలో సిగ్నల్ పోయింది. అందుకే రాస్తున్నాను.

మన రాష్ట్రపతి మీద క్రిమినల్ కేసు పెట్టొచ్చా అన్నావు కదా. కుదరదు. రాజ్యాంగం 361వ అధికరణం ప్రకారం పదవిలో ఉన్నంతకాలం రాష్ట్రపతి మీద గానీ గవర్నర్ మీద గానీ ఏ కోర్టులోనూ క్రిమినల్ కేసు మొదలుపెట్టకూడదు, ముందునుంచి నడుస్తున్నా ఆపేయాలి, అరెస్టు వారెంటు ఇవ్వకూడదు. ప్రధానికీ ముఖ్యమంత్రికీ మాత్రం ఈ రక్షణ లేదు, ఉందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. 2024 మార్చిలో కేజ్రీవాల్‌ని ముఖ్యమంత్రిగా ఉండగానే ఈడీ అరెస్టు చేసింది.

ఎమర్జెన్సీలో ఇంకా పెద్ద ప్రయత్నమే జరిగిందిరా. 1975 ఆగస్టులో తెచ్చిన 41వ సవరణ బిల్లు ఏమందంటే, రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్‌ల మీద పదవిలోకి రాకముందు చేసినవాటికి కూడా జీవితాంతం క్రిమినల్ కేసు ఉండకూడదట. రాజ్యసభ పాస్ చేసేసింది! లోక్‌సభ దాకా రాలేదు కాబట్టి బతికిపోయాం.

ఈ రక్షణ ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. లేకపోతే గిట్టనివాళ్లు ఊరికో కేసు పెట్టి ఆ మనిషిని కోర్టుల చుట్టూ తిప్పుతారు. విధినిర్వహణలో చేసిన పనులకు రక్షణ ఉండాల్సిందే, దానికి 361లో మొదటి క్లాజే ఉంది. నాకు మింగుడుపడనిది సొంత నేరాల సంగతి. గవర్నర్ ఎవరికైనా సొంత అప్పు ఎగ్గొట్టాడనుకో, రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి సివిల్ కేసు వేయొచ్చు, అదే అధికరణంలో నాలుగో క్లాజు. అదే గవర్నర్ ఎవరినైనా కొడితే మాత్రం పదవి దిగేదాకా కోర్టులో కేసు నడవదు. డబ్బు పోయినవాడికి దారి ఉండి, దెబ్బ తిన్నవాడికి లేకపోవడం ఏం న్యాయంరా?

2024లో కలకత్తా రాజ్‌భవన్‌లో పనిచేసే ఒక మహిళ గవర్నర్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. ఆయన అది అబద్ధమన్నాడు. నిజమేదో తేల్చాల్సింది విచారణ, అదే 361 దగ్గర ఆగిపోతే ఆమె సుప్రీంకోర్టుకెళ్లింది. ఈ రక్షణ ఎంతవరకో చూస్తామని ఆ జూలైలో కోర్టు ఒప్పుకుంది. ఇంకోటి చూడు, బాబ్రీ మసీదు కూల్చివేత కేసు 1992 నాటిది. 2017లో సుప్రీంకోర్టు కుట్ర అభియోగాలు మళ్లీ మోపమన్నప్పుడు, కూల్చివేతనాటి యూపీ ముఖ్యమంత్రి కల్యాణ్‌సింగ్ రాజస్థాన్ గవర్నర్. పదవి దిగాక, 2019లో గానీ ఆయన మీద అభియోగాలు నమోదు కాలేదు, 2020లో అందరితోపాటు నిర్దోషిగా బయటపడ్డాడు. తీర్పు సంగతి అలా ఉంచు, గవర్నర్ కాకముందెప్పుడో జరిగినదానికి ఆ కుర్చీ ఎందుకు అడ్డు రావాలి?

మీ అమెరికాలో అయితే రాజ్యాంగంలో ఇలాంటి వాక్యమే లేదు, పదవిలో ఉన్న అధ్యక్షుడి మీద క్రిమినల్ కేసు నడపకూడదని న్యాయశాఖ 1973లోనూ 2000లోనూ రాసుకున్న అభిప్రాయాల మీదే బండి నడుస్తోంది. 2024లో ట్రంప్ గెలవగానే ఆయన మీద ఉన్న ఫెడరల్ కేసులు వెనక్కి తీసుకున్నది అందుకే.

నాకు నచ్చింది దక్షిణ కొరియా పద్ధతి. అక్కడా అధ్యక్షుడికి రక్షణ ఉంది, కానీ తిరుగుబాటు, దేశద్రోహం దానికి బయట. 2024 డిసెంబర్‌లో మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించిన అప్పటి అధ్యక్షుడు యూన్‌ని పదవి పూర్తిగా పోకముందే, 2025 జనవరిలో అరెస్టు చేసి అభియోగాలు మోపారు. మనమూ అలా కొన్ని ఘోరమైన నేరాలను 361 నుంచి తప్పించాలి. శిక్ష ఆలస్యమైనా సరే, సాక్షుల వాంగ్మూలాలూ సీసీటీవీ ఫుటేజీ మాత్రం అప్పటికప్పుడే భద్రం చేయాలి, ఐదేళ్లాగితే ఏం మిగులుతుంది చెప్పు?

నువ్వు ఒప్పుకోవని తెలుసు, ఎందుకో వివరంగా రాయి. సంక్రాంతికొస్తే దీని మీద కూర్చుని మాట్లాడుకోవాలి.

నీ
రాజు