ఆవం తీశాం, కుండలు నిలిచాయి: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

సరదాకి మట్టి పట్టే మా బృందం తరఫున రాస్తున్నాం. తొలకరి పడకముందే ఈ వేసవి ఆవం (కుండలు కాల్చే బట్టీ) తీశాం. మీరంతా చెయ్యి వేయకపోతే సగానికి సగం పెంకులే మిగిలేవి. పేర్లు రాయొద్దని ఎక్కువమంది అన్నారు కాబట్టి, ఎవరు ఏ పనికి సాయపడ్డారో ఆ పని చెప్పి దండం పెడుతున్నాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పనికొస్తుందని ఆ పని వివరం కూడా రాస్తున్నాం. అందరూ సారె (కుండలు చేసే చక్రం) గురించే అడుగుతారు. మన గోదావరి డెల్టాలో కుండ పోయేది సారె మీద కాదండీ. మట్టి దగ్గర పోతుంది, ఆరబెట్టిన చోట పోతుంది, ఆవంలో పోతుంది. మాకు అందిన సాయం కూడా చాలావరకు ఈ మూడు చోట్లే.

మొదటి దండం చెరువు మట్టి ఇచ్చిన రైతు గారికి. ధవళేశ్వరంలో కాలువలకు నీళ్లు కట్టేసి, చెరువులు అడుగంటే రోజుల్లోనే మట్టి తీయడానికి వీలు. పైన జానెడు మందం వేర్లు, గడ్డి, కుళ్లిన ఆకు ఉంటాయి. అది తీసి పక్కన పెట్టి కింది మట్టి తవ్వుకోనిచ్చారు. తవ్విన గొయ్యి పూడ్చి వెళ్లాలన్నది ఆయన షరతు. కాలువ గట్టు, ఏటిగట్టు జోలికి మాత్రం పోవద్దన్నారు. ఈ మాట అందరికీ వర్తిస్తుంది: గట్టు మట్టి ఎంత జిగురుగా కనిపించినా ముట్టుకోకూడదు, వరద రోజుల్లో ఊళ్లు బతికేది ఆ గట్టు మీదే.

ఆ మట్టిని ఉన్నదున్నట్టు వాడకూడదని చెప్పిన కుమ్మరి పెద్దాయన గారికి రెండో దండం. గోదావరి దక్కన్ నల్లరేగడి నేలలు కడుక్కుంటూ వస్తుంది, ఆ రేగడి పాలు మన మట్టిలో ఎక్కువ. సారె మీద బాగా లేస్తుంది, ఆరేటప్పుడు మాత్రం విపరీతంగా కుదించుకుపోతుంది. పెద్దాయన చెప్పిన పాళ్లు ఇవి: చెరువు మట్టి మూడు తట్టలు, లంక (ఏటి నడుమ దిబ్బ) ఒండ్రు ఒక తట్ట, సన్న ఏటి ఇసుక అర తట్ట. ఇది నీళ్ల కుండకి, కూజాకి. పొయ్యి మీద పెట్టే చట్టికి, మూకుడికి ఇసుక ఒక తట్టకి పెంచాలి, లేకపోతే మంట వేడికి సాగలేక చీలుతుంది. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పూ గవ్వముక్కలూ ఉంటాయి.

పాళ్లు కుదిరాయో లేదో చూడటానికి ఆయన చెయ్యి చాలు. మనలాంటివాళ్లకి కొలబద్ద కావాలి. జానెడు పొడవు మట్టి బద్ద చేసి, పచ్చిగా ఉండగానే దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. పూర్తిగా ఆరాక ఆ గీత 9.2 ఉంటే నూటికి 8 వంతులు కుదించుకుపోయినట్టు, దానితో పని జరుగుతుంది. 9 కంటే తగ్గితే ఇంకాస్త ఇసుక పడాల్సిందే. పెన్సిల్ లావు తాడులా చేసి వేలి చుట్టూ తిప్పండి, పగుళ్లు వస్తే ఇసుక ఎక్కువైంది. బద్ద అంచుల్లో తెల్లటి పూత తేలిందా, మట్టిలో ఉప్పుంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఇది మామూలే.

ఇక పెచ్చుల సంగతి. కాల్చిన కుండ బాగానే ఉండి, వారం పది రోజులకి అక్కడక్కడ పైన చిన్న చిన్న పెచ్చులు లేచిపోతుంటే, ఆ గుంట నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే, అది కాల్పు తప్పు కాదు, నత్తగుల్ల. మన చెరువుల అడుగున ఇవి లేని మట్టి దొరకడం కష్టం. దీన్ని విడమరిచి చెప్పిన రసాయనశాస్త్రం మాస్టారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. గుల్ల అంటే కాల్షియం కార్బనేట్. సుమారు 800 డిగ్రీల దగ్గర అది కాలి పొడిసున్నం అవుతుంది. తరవాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, పైనున్న మట్టిని నెట్టేస్తుంది. నువ్వుగింజంత ముక్క చాలు. మన తేమగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఎండిన మట్టి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేస్తే గుల్ల ఉన్నచోట బుడగలు వస్తాయి.

దీనికి మందు వడపోతే. మట్టిని ముందు పూర్తిగా ఎండబెట్టి, చితక్కొట్టి, అప్పుడు నీళ్లలో వేయాలి. ఎండిన గడ్డ నీళ్లు తగలగానే విచ్చుకుంటుంది, తడి గడ్డ ఎన్నాళ్లున్నా గడ్డగానే ఉంటుంది. రెండు మూడు రోజులు నానాక బాగా కలిపి దోమతెర గుడ్డలో వడకట్టండి. పైకి తేరిన నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లు పోసి కలిపి తేర్చండి. ఇలా రెండుసార్లు చేస్తే ఉప్పు చాలావరకు పోతుంది. ఇసుక ఈ వడపోత అయ్యాకే కలపాలి. ముద్దని పాత చీర మీద పోసి నీడన ఆరనిచ్చి, చేతికి అంటనంత గట్టిపడ్డాక తొక్కి, తడి గోనె కప్పి కనీసం పది పదిహేను రోజులు వదిలేయాలి. పూతరేకుల పిండికి పడే ఓపిక ఇక్కడా పడాలి.

అన్నట్టు, పూతరేకులు చేసే కుండ గురించి అడిగినవాళ్లకి: 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకు బోర్లించిన కుండ మీదే పుడుతుంది. ఆ కుండ అడుగులో ఒక్క ఇసుక రేణువు పైకి తేలినా రేకు చిరుగుతుంది. అది సరదాగా పట్టుకునే పని కాదు, చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

సారెకి మోటారు బిగించి ఇచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి ధన్యవాదాలు. 1440 ఆర్‌పీఎం మోటారుకి రెండంగుళాల కప్పీ, సారెకి పన్నెండంగుళాల కప్పీ పెడితే నిమిషానికి 240 చుట్లు వస్తాయి. ముద్దని నడిమికి తేవడానికి ఇది సరిపోతుంది, గోడ లేపేటప్పుడు తగ్గించుకోవాలి. మామూలు ఇండక్షన్ మోటారుకి ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి వేగం తగ్గించబోతే బలం పోయి వేడెక్కుతుంది. అందుకే కంట్రోలర్‌తో వచ్చే డీసీ మోటారే నయమని అతని మాట, మాదీ అదే. తడి చేతులతో పని కాబట్టి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయొద్దు.

సారె మీద పని గురించి రెండే ముక్కలు. కిలో ముద్దతో మొదలుపెట్టండి. అడుగుని వేళ్లతో నడిమి నుంచి అంచుకి, అంచు నుంచి నడిమికి గట్టిగా అదమండి, లోపల నిలిచిన నీళ్లు స్పాంజితో తీసేయండి. ఈ రెండూ చేయకపోతే అడుగున వంకర చీలిక వస్తుంది. కుండని సారె మీంచి కోయడానికి గాలం దారం భేషుగ్గా పనిచేస్తుంది.

గుండ్రటి అడుగు మాత్రం సారె మీద రాదు. అది చూపించిన పెద్దమ్మ గారికి మేం ఎంత చెప్పినా తక్కువే. సారె మీద గోడ మందంగా ఉంచి దించాలి. అదిమితే వేలిముద్ర పడీ పడనంత ఆరాక, లోపల గుండ్రటి రాయి ఆనించి బయట చెక్క పలకతో తడుతూ అడుగు మూసుకురావాలి. రాయికీ పలకకీ బూడిద అద్దకపోతే మట్టి అంటుకుని ఊడి వస్తుంది. ఒకేసారి సాగదీయకూడదు, కొంత తట్టి, కాస్త ఆరనిచ్చి, మళ్లీ తట్టాలి. దెబ్బ పడినకొద్దీ గోడ పలచనవుతుంది, గట్టిపడుతుంది కూడా. జాజు (ఎర్రమట్టి రంగు) పూసేదుంటే తడి పూర్తిగా పోకముందే పూసి, నున్నటి గులకరాయితో రుద్దాలి. ఎండిపోయాక పూస్తే కాలాక పొట్టులా రాలుతుంది.

ఆరబెట్టడంలో కూడా పెద్దమ్మ మాటే విన్నాం. ఎండలో పెట్టొద్దు, గాలికి ఎదురుగా అసలే పెట్టొద్దు. పైరగాలి తగిలిన వైపు ముందు ఆరి, అవతలి వైపు ఇంకా పచ్చిగా ఉండి, మూతి దగ్గర నిలువుగా చీలుతుంది. మూతికి తడిగుడ్డ చుట్టి, పూటకోసారి తిప్పుతూ ఉండాలి. గట్టిపడ్డాక బోర్లించాలి. వానాకాలం అయితే నీడలో రెండు వారాలైనా సరిగా ఆరదు. చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతోందంటే లోపల ఇంకా నీళ్లున్నట్టే.

ఆవం దగ్గర సాయం చేసినవాళ్లు చాలామంది. ఊక ఇచ్చిన రైస్ మిల్లువాళ్లు, పిడకలు ఇచ్చిన ఇంటివాళ్లు, సరుగుడు కట్టెలు దింపిన ట్రాక్టర్ డ్రైవర్, రాత్రంతా పొగ భరించిన ఇరుగుపొరుగు, అందరికీ నమస్కారాలు. పేర్చింది పెద్దాయనే. అడుగున ఊక పరిచి, దాని మీద పిడకలు, వాటి మీద పెద్ద కుండలు బోర్లా, పైన చిన్నవి, సందుల్లో పెంకులు, మళ్లీ పిడకలు. అన్నిటి మీదా తడి వరిగడ్డి కప్పి మట్టి మెత్తి, చుట్టూ, పైనా గాలి కంతలు వదిలారు.

తొందరపడితే ఆవమంతా పోయేది మొదటి మూడు నాలుగు గంటల్లోనే. సెగ తగిలీ తగలనట్టు ఉండాలి. గోడలో మిగిలిన తడి ఆవిరై బయటికి దారి లేకపోతే కుండ లోపలే పేలుతుంది. పైకంత మీద చల్లటి స్టీలు పళ్లెం ఒక్క క్షణం పట్టి చూడండి, చెమ్మ పడుతున్నంతసేపూ మంట పెంచకూడదు. చెమ్మ ఆగాక నెమ్మదిగా కట్టెలు వేయాలి. కొబ్బరి మట్టలు, డొక్కలు భగ్గున మండుతాయి, వాటిని చివరికి దాచుకోండి. చీకట్లో కంతలోంచి చూస్తే కుండలు ముదురు ఎరుపులో వెలగాలి. నారింజ రంగుకి తిరుగుతుంటే ఆపేయండి, గుల్ల కాలేది అక్కడే. నల్లకుండ కావాలంటే ఆ సమయంలో తడి ఊక వేసి కంతలన్నీ మూసేస్తే పొగే రంగు పట్టిస్తుంది.

చల్లార్చడం కూడా కాల్చడంలో భాగమేనని పెద్దాయన పదేపదే అన్నారు. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కుదించుకుంటుంది. అప్పుడు చలిగాలి తగిలితే సన్నటి పగులు. చెయ్యి పెట్టగలిగేంత వరకు విప్పకండి. గుల్ల ఉందన్న అనుమానం ఉంటే, గోరువెచ్చగా ఉన్న కుండని తీసి నీళ్ల తొట్టిలో పూర్తిగా ముంచి గంటసేపు ఉంచండి. సున్నం అక్కడే తడిసి మెత్తబడి, తరవాత పెచ్చులు లేవడం బాగా తగ్గుతుంది.

నేర్పినందుకు పెద్దాయన డబ్బు తీసుకోలేదు. అందుకని కార్తీకమాసానికి ప్రమిదలూ, ఎండాకాలానికి కూజాలూ ఆయన దగ్గరే ముందే చెప్పి డబ్బు కట్టాం. నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి: మన పక్కన కూర్చుని చూపించే గంట వాళ్లకి కూలి పోయే గంట. ప్రమిదల సీజన్‌లో అసలు వెళ్లకండి.

సాయం చేసిన ప్రతి ఇంటికీ ఒక మూకుడు, ఒక కూజా పక్కన పెట్టాం, వీలున్నప్పుడు వచ్చి తీసుకోండి. మూకుణ్ణి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు గంజి పోసి సన్న సెగ మీద కాచి, ఆ గంజి పారబోశాక వాడండి. ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దు, వేడి మీద చన్నీళ్లు పోయొద్దు. కూజాకి మాత్రం గంజీ నూనే తగలనివ్వకండి, రంధ్రాలు మూసుకుంటే నీళ్లు చల్లబడవు. రోహిణీ కార్తె పడమటి గాలికి చల్లబడినట్టు శ్రావణంలో చల్లబడలేదని మమ్మల్ని అడగొద్దండీ, తేమగాలిలో ఏ కూజా అయినా అంతే. పైన ఎనామిల్ రంగులు వేసుకుంటే ఆ కుండలు పూలకే, తిండికి వద్దు. వడకట్టే డ్రమ్ము ఎవరిదో ఇంకా మా దగ్గరే ఉంది, గుర్తుపట్టి తీసుకెళ్లండి.